పక్కింటి పాప బ్లూ, మా బాబు పర్పుల్: ఫోనిక్స్ పుస్తకాల రంగులు చూసి టెన్షన్ పడుతున్న ఒక అమ్మకు సమాధానం

మీరు అడిగింది ఇదీ. ఇంగ్లండ్‌లో ఇయర్ వన్ (అయిదారేళ్ల పిల్లల తరగతి) చదువుతున్న మీ బాబుకి స్కూలు వాళ్లు ఇంకా పర్పుల్ రంగు స్థాయి పుస్తకాలే పంపిస్తున్నారు. వేరే స్కూల్లో చదివే పక్కింటి పాపది అదే వయసు, తను బ్లూ చదువుతోంది. నెట్‌లో చూస్తే పర్పుల్‌కీ బ్లూకీ మధ్య ఇంకా మూడు రంగులున్నాయి. పేరెంట్స్ ఈవెనింగ్‌లో టీచర్ "బాగానే చదువుతున్నాడు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ట్యూషన్ పెట్టించాలా, బంధువులు చెప్పినట్టు ఇంట్లో తెలుగు మానేయాలా, జూన్‌లో ఫోనిక్స్ చెక్ (అక్షరాల శబ్దాలు కలిపి చదవగలడా అని స్కూల్లో చూసే పరీక్ష) గట్టెక్కుతాడా అని మీ బెంగ.

నేను ఇక్కడి ప్రైమరీ స్కూల్లో చాలా ఏళ్లుగా రిసెప్షన్ (ఇయర్ వన్‌కి ముందు తరగతి), ఇయర్ వన్ పిల్లలకు చదవడం నేర్పిస్తున్నాను. మొదటి పేరెంట్స్ ఈవెనింగ్ అయిపోగానే మన తెలుగువాళ్ల నుంచి దాదాపు ఇదే ప్రశ్న వస్తుంది. అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మీరు పోల్చి చూస్తున్న ఆ రెండు రంగులూ ఒకే వరసలోవి కావు.

మీ స్కూలు వాడేది రీడ్ రైట్ ఇంక్ అనే ఫోనిక్స్ స్కీమ్ అని రాశారు. అందులో రంగుల వరస రెడ్, గ్రీన్, పర్పుల్, పింక్, ఆరెంజ్, యెల్లో, బ్లూ, గ్రే. పక్కింటి పాప పుస్తకాల్లో బిఫ్, చిప్, కిప్పర్ (ఆక్స్‌ఫర్డ్ రీడింగ్ ట్రీ అనే కథల వరసలోని పిల్లలు) ఉన్నారని కూడా రాశారు. అయితే ఆ స్కూలు బుక్ బ్యాండ్స్ రంగులు వాడుతూ ఉండాలి. వాటి వరస పూర్తిగా వేరు: పింక్, రెడ్, యెల్లో, బ్లూ, గ్రీన్, ఆరెంజ్, టర్కాయిస్, పర్పుల్, గోల్డ్, వైట్, లైమ్. ఈ లెక్కలో బ్లూ నాలుగోది, పర్పుల్ ఎనిమిదోది. మీ బాబు చేతిలో పర్పుల్ పుస్తకం చూసి ఆ పాప వాళ్లమ్మ కూడా "మా అమ్మాయి నాలుగు మెట్లు వెనకబడిపోయింది" అని మీలాగే నిద్ర పాడు చేసుకుంటూ ఉండవచ్చు. నిజానికి మీ పర్పుల్, వాళ్ల బ్లూ దాదాపు పక్కపక్కన ఉండే అవకాశమే ఎక్కువ. దాదాపు అని ఎందుకు అంటున్నానంటే, ఈ రెండు వరసలు కొలిచేది ఒకటే విషయాన్ని కాదు.

బుక్ బ్యాండ్స్ పాత పద్ధతి. వాక్యం ఎంత పొడవుంది, అవే మాటలు ఎన్నిసార్లు తిరిగి వస్తున్నాయి, బొమ్మ చూస్తే ఎంత తెలిసిపోతుంది, ఇలాంటివి చూసి పుస్తకానికి రంగు ఇస్తారు. ఫోనిక్స్ స్కీమ్‌లో రంగు ఇచ్చేది పిల్లవాడికి ఇప్పటిదాకా ఏ శబ్దాలు నేర్పారో చూసి. రీడ్ రైట్ ఇంక్ పర్పుల్ పుస్తకాల్లో సెట్ వన్, అంటే మొట్టమొదట నేర్పే శబ్దాలే ఉంటాయి, రెండేసి హల్లులు పక్కపక్కన వచ్చే కొంచెం పొడవు మాటలతో. పింక్‌కి వెళ్తే సెట్ టూ మొదలవుతుంది. అంటే డే, సీ, నైట్ లాంటి మాటల్లో ఉండే, రెండు మూడు అక్షరాలు కలిసి ఒకే శబ్దం ఇచ్చే రాతలు. అవి నేర్పకుండా పింక్ పుస్తకం చేతిలో పెడితే పిల్లవాడికి ఊహించడం తప్ప వేరే దారి ఉండదు. ఆ ఊహించే అలవాటు పడకూడదనే స్కూలు అంత పట్టుదలగా ఆపుతుంది.

ఈ పట్టుదల వెనక కొంత చరిత్ర ఉంది. ఒకప్పుడు ఇక్కడి స్కూళ్లలో తెలియని మాట వస్తే బొమ్మ చూడు, మొదటి అక్షరం చూడు, అక్కడ ఏ మాట సరిపోతుందో ఆలోచించు అని నేర్పేవారు. చురుకైన పిల్లలు అలాగే నెట్టుకొచ్చేవారు. బొమ్మలు తగ్గిపోయే వయసుకి, అంటే ఏడెనిమిదేళ్లకి, చాలామంది అక్కడే ఆగిపోయేవారు. 2006లో విద్యానిపుణుడు జిమ్ రోజ్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక క్రమపద్ధతిలో శబ్దాలు నేర్పడమే ముందు జరగాలని చెప్పింది. 2007లో ప్రభుత్వం లెటర్స్ అండ్ సౌండ్స్ అనే కార్యక్రమాన్ని తెచ్చింది. 2012లో ఇయర్ వన్ ఫోనిక్స్ స్క్రీనింగ్ చెక్ మొదలైంది. 2021 నుంచి విద్యాశాఖ ఫోనిక్స్ స్కీమ్‌లను పరిశీలించి, ఆమోదించిన వాటి జాబితా పెడుతోంది. రీడ్ రైట్ ఇంక్, లిటిల్ వాండల్ లాంటివి అందులో ఉన్నాయి. ఇప్పుడు స్కూళ్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ నుంచి వచ్చినవాళ్లు కూడా పిల్లవాడి బ్యాగులో పుస్తకం అతనికి వచ్చిన శబ్దాలతో సరిపోతోందా అని చూస్తారు.

ఇక మీరు రాసిన రెండో మాట: "ఇంట్లో కథల పుస్తకాలు గడగడా చదివేస్తాడు, స్కూలు మాత్రం చిన్నపిల్లల పుస్తకాలు ఇస్తోంది." ఇది నిజం కావచ్చు, కాకపోవచ్చు. చూడటానికి చిన్న పరీక్ష ఉంది. రోజూ రాత్రి చదివే పుస్తకం వాడికి కంఠతా వచ్చేసి ఉంటుంది, అది పక్కన పెట్టండి. కాగితం మీద స్టంప్, క్రస్ట్, ఫ్రాస్ట్ లాంటి మాటలు ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాసి చూపించండి. బొమ్మ ఉండకూడదు, ముందు మీరు చదివి వినిపించకూడదు. ఒక్కో శబ్దం పలికి కలిపి మాట చెప్పగలిగితే పర్పుల్ స్థాయి వచ్చేసినట్టే. తర్వాతి అసెస్‌మెంట్ ఎప్పుడని టీచర్‌ని అడగండి. రీడ్ రైట్ ఇంక్‌లో సుమారు ఆరు వారాలకోసారి, ప్రతి హాఫ్ టర్మ్‌కీ, పిల్లల్ని చూసి గ్రూపులు మారుస్తారు. మొదటి అక్షరం చూసి ఇంకేదో మాట చెప్పేస్తే, శబ్దాలు విడివిడిగా పలికి కలపలేకపోతే, వాడికి పర్పులే కావాలి. ఆ మెట్టు దాటించేయమని స్కూలు మీద ఒత్తిడి పెడితే వాడికే నష్టం.

నాకు ఎక్కువ చెప్పాలనిపిస్తున్నది ఇంటి సంగతి. ఇక్కడి ఇంగ్లీషు తల్లిదండ్రులకి రాని ఒక చిక్కు మనకి వస్తుంది. వాళ్ల దగ్గర లేని ఒక సాధనం కూడా మన దగ్గర ఉంది.

మనం తెలుగు చదవడం ఎలా నేర్చుకున్నామో గుర్తు చేసుకోండి. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు. అవి వచ్చాక పేపర్లో ఏ మాటనైనా అర్థం తెలియకపోయినా పైకి చదివేస్తాం. ఇంగ్లీషు మాత్రం అలా నేర్చుకోలేదు. సి ఏ టి క్యాట్, డి ఓ జి డాగ్ అని అక్షరాల పేర్లు వల్లించి మాటల్ని బట్టీ పట్టాం. మీ బాబు చదువుతుంటే మన నోటి వెంట అదే వస్తుంది. సీ, ఏ, టీ కలిపితే క్యాట్ ఎలా వస్తుంది? పేర్లలో శబ్దం లేదు. స్కూల్లో వాడికి చెప్పేది "సీ" అనే పేరు కాదు, "క్" అనే శబ్దం. ఇంట్లో పేరు, స్కూల్లో శబ్దం వింటే ఇయర్ వన్ పిల్లవాడు తికమక పడటం సహజం. పేర్లు కూడా తర్వాత స్కూలే నేర్పుతుంది, తొందర లేదు.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మం. శబ్దం చెప్పమంటే మనం "మ, ట, స" అంటాం. తెలుగు హల్లులో అకారం కలిసే ఉంటుంది కదా. పిల్లవాడు మ, ఆ, ట అని పలికి కలిపితే "మాట" అవుతుంది తప్ప మ్యాట్ అవదు! స్కూళ్లు దీన్ని ప్యూర్ సౌండ్స్ అంటాయి, అంటే వెనక అచ్చు తోక లేకుండా పలకడం. ఇంగ్లీషు తల్లిదండ్రులకి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి మేం వర్క్‌షాపులు పెట్టి తంటాలు పడతాం. మీకు మాత్రం ఒక్క మాట చాలు: పొల్లు. మ్, స్, న్, ల్, ఫ్, ర్ అని పొల్లు పెట్టి పలకండి. వీటిని స్‌స్‌స్, మ్‌మ్‌మ్ అని సాగదీయవచ్చు కూడా. ప్, ట్, క్, బ్, డ్, గ్ సాగవు, వాటిని టక్కున ఆపేయాలి. పుస్తకంలో కొత్త శబ్దం కనిపిస్తే పెన్సిల్‌తో పక్కన తెలుగులో పొల్లు వేసి రాసుకోండి, మీ కోసం.

ఇలాంటిదే ఇంకోటి, మాట చివర ఉకారం చేర్చే మన అలవాటు. బస్సు, కారు, బ్యాగు అని తెలుగులో మాట్లాడేటప్పుడు అది సహజం. చదివించేటప్పుడు మాత్రం బస్ దగ్గర ఆపండి. తెలుగులో క్యాట్ అని రాస్తాం గానీ ఇంగ్లీషు మాటలో యకారం లేదు. అది నోరు బాగా తెరిచి పలికే ఒక పొట్టి అచ్చు. ఆ అచ్చు, వీ–డబ్ల్యూ తేడా, నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే టీ–హెచ్ శబ్దాలు మీకు సరిగ్గా పలకకపోతే ఏమీ కాదు. వాడు స్కూల్లో వింటాడు. కావాలంటే మీ స్కీమ్ వాళ్లు తల్లిదండ్రుల కోసం పెట్టిన శబ్దాల వీడియోలు పక్కన కూర్చుని ఇద్దరూ చూడండి. యాస గురించి సిగ్గుపడి చదివించడం మానేసిన తల్లుల్ని చూశాను, అది మాత్రం చేయకండి. ఫోనిక్స్ చెక్‌లో కూడా పిల్లవాడి యాసని తప్పుగా లెక్కించరు.

ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. ఒక్క "ఏ" శబ్దాన్నే డే, రైన్, కేక్, దే, ఎయిట్ అనే మాటల్లో అయిదు రకాలుగా రాస్తారు. తెలుగులా ఒకసారి అక్షరాలు వస్తే అన్నీ వచ్చేసినట్టు కాదు ఇక్కడ. రెండు మూడేళ్లు పట్టే పని ఇది. మధ్యలో ఒక రంగు దగ్గర రెండు నెలలు ఆగడం పెద్ద విషయం కాదని నేను అనేది అందుకే.

ఇంట్లో రోజుకి పది నిమిషాలు చాలు. స్కూలు పుస్తకం వాడే చదవాలి. శబ్దాలు మీరు ముందే అందించకండి. ఎక్కడైనా ఆగితే ఆ అక్షరాల కింద వేలు పెట్టి "శబ్దాలు చెప్పు" అనండి, అప్పటికీ రాకపోతే మీరే శబ్దాలు పలికి వాడిని కలపమనండి. సెడ్, వాజ్, ద లాంటి మాటలకి ఈ పద్ధతి పూర్తిగా పనిచేయదు. వాటిని మీ స్కూలు రెడ్ వర్డ్స్ అంటుంది, కొన్ని స్కూళ్లు ట్రికీ వర్డ్స్ అంటాయి. అవి వస్తే మాట చెప్పేసి ముందుకు వెళ్లండి. "ఈ పుస్తకం స్కూల్లో చదివేశాడు, మళ్లీ ఎందుకు పంపారు" అని చాలామంది అడుగుతారు. కావాలనే పంపుతారు. మొదటిసారి శబ్దాలు కూడబలుక్కుంటాడు, రెండోసారి మాటలు వస్తాయి, మూడోసారికి మాట్లాడినట్టు చదువుతాడు. ఆ మూడోసారి వినడం మీ వంతు. అది విని మెచ్చుకుంటే వాడికి ఎంత ధైర్యం వస్తుందో!

ఆ పది నిమిషాలు అయ్యాక వాడికి నచ్చిన పెద్ద కథల పుస్తకం మీరు చదివి వినిపించండి. కౌన్సిల్ లైబ్రరీలో పిల్లలకి పుస్తకాలు ఉచితం. డైనోసార్లు, లారీలు, దెయ్యాలు, ఏదైనా సరే. అక్కడ శబ్దాలు అడగవద్దు, పరీక్ష పెట్టవద్దు. తను చదివే పుస్తకం వేరు, మీరు చదివి వినిపించే పుస్తకం వేరు అని వాడికి తెలిస్తే "పర్పుల్ బోర్" అన్న గొడవ కూడా చాలావరకు తగ్గుతుంది.

తెలుగు మానేయవద్దు. ఇది నా అభిమానం కొద్దీ చెప్పే మాట మాత్రమే అనుకోకండి. చదవడం అంటే ఏమిటన్నదానికి 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు, ఇక్కడి టీచర్లకి చదవడం నేర్పడంలో ఇచ్చే శిక్షణలో దానికి పెద్ద చోటు ఉంది. రాతని శబ్దంగా మార్చగలగడం ఒకటి, విన్న భాషని అర్థం చేసుకోగలగడం రెండోది. రెండూ ఉంటేనే చదువు. ఇందులో ఏది సున్నా అయినా ఫలితం సున్నానే. మొదటిది స్కూలు నేర్పుతుంది. రెండోదానికి కావాల్సిన మాటలు, కథ ఎలా నడుస్తుందన్న అవగాహన, ఎందుకు, ఎలా అని అడిగే అలవాటు ఇంట్లో పెరుగుతాయి. అవి మీకు బాగా వచ్చిన భాషలోనే బాగా పెరుగుతాయి. తడబడే ఇంగ్లీషులో "ఈట్, కమ్, గో" అని మూడు మాటలు మాట్లాడే బదులు నిండుగా తెలుగులో కబుర్లు చెప్పండి. ఫోనిక్స్ చెక్‌లో ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లల ఫలితాలు మిగతావాళ్లతో దాదాపు సమానంగానే ఉంటున్నాయి.

మీ అత్తగారు, మామగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారని, రోజూ ఏ ఫర్ యాపిల్, స్పెల్లింగులు చెప్పిస్తున్నారని రాశారు. వాళ్లని నొప్పించకుండా పని మార్చండి. "నానమ్మా, మీరు కథ చెప్పండి, తాతయ్యా, మీరు ఊళ్లో సంగతులు చెప్పండి, ఇంగ్లీషు చదువు మేం చూసుకుంటాం" అంటే సంతోషిస్తారు. పేదరాశి పెద్దమ్మ కథ విని "తర్వాత ఏమైంది" అని అడిగే పిల్లవాడు చదువులో సగం పని చేస్తున్నట్టే. తెలుగు రాయడం, చదవడం నేర్పడానికి మాత్రం ఇంగ్లీషులో శబ్దాలు కలపడం (బ్లెండింగ్) కుదిరేదాకా ఆగితే మంచిదని నా అభిప్రాయం. వాడే సరదాపడి అడిగితే ఆపవద్దు.

జూన్ చెక్ గురించి భయపడేంత ఏమీ లేదు. పిల్లవాడికి తెలిసిన టీచరే ఒక్కడినే కూర్చోబెట్టుకుని 40 మాటలు చదివిస్తారు. అందులో 20 నిజమైన మాటలు, 20 అర్థం లేని మాటలు. అర్థం లేని వాటి పక్కన వింత జీవి బొమ్మ ఉంటుంది, పిల్లలు వాటిని ఏలియన్ వర్డ్స్ అంటారు. బట్టీ పట్టిన మాట చెప్పేయకుండా నిజంగా శబ్దాలు కలుపుతున్నాడా అని తెలుసుకోవడానికే అవి పెట్టారు. ఇప్పటిదాకా 32 వస్తే ప్రమాణం అందుకున్నట్టు లెక్క. 2024లో దేశం మొత్తం మీద ఇయర్ వన్ పిల్లల్లో 80 శాతం అందుకున్నారు. అంటే అయిదుగురిలో ఒకరు అందుకోలేదు. వాళ్లు ఇయర్ టూలో మళ్లీ రాస్తారు, ఈలోపు స్కూలు అదనంగా సాయం చేయాలి. ఈ మార్కు ఏ సర్టిఫికెట్‌లోనూ ఉండదు, వాడి పై చదువులకి అడ్డు రాదు. ఇంటర్నెట్ నుంచి ఏలియన్ వర్డ్స్ ప్రింట్ తీసి రోజూ బట్టీ పట్టించకండి. అలా చేస్తే ఆ చెక్ చెప్పాల్సిన నిజం మీకే తెలియకుండా పోతుంది.

మీ బాబు ఆగస్టులో పుట్టాడని రాశారు. ఇక్కడ తరగతి సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పుట్టినవాళ్లతో ఉంటుంది. వాడి పక్కన కూర్చున్న సెప్టెంబర్ పిల్ల వాడికన్నా దాదాపు ఏడాది పెద్దది. అయిదేళ్ల వయసులో ఏడాది అంటే చాలా తేడా.

ఇన్ని చెప్పాక, కంగారు పడాల్సిన సందర్భాలు లేవని మాత్రం అనను. ఇయర్ వన్ స్ప్రింగ్ టర్మ్‌కి (జనవరి నుంచి ఈస్టర్ వరకు) కూడా మూడు శబ్దాల మాట కలపలేకపోతే, శుక్రవారం వచ్చిన శబ్దాలు ప్రతి సోమవారానికి పోతుంటే, దగ్గరి శబ్దాలు వినడంలోనే తేడా తెలియకపోతే ఆగకూడదు. ఈ వయసులో చెవిలో జిగురులా నీరు చేరే గ్లూ ఇయర్ చాలామందికి వస్తుంది. చలికాలంలో వచ్చి పోతుంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. టీవీ సౌండ్ పెంచుతున్నాడా, వెనక నుంచి పిలిస్తే పలుకుతున్నాడా చూడండి, అనుమానం ఉంటే జీపీని, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌ని అడగండి. 16 ఏళ్లలోపు పిల్లలకి కళ్ల పరీక్ష ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితం, అదీ చేయించండి. స్కూలుకి మీరు మాత్రమే చెప్పగలిగింది ఒకటుంది: వాడి తెలుగు ఎలా ఉందో. తెలుగులో కూడా మాటలు ఆలస్యంగా వచ్చాయా, ఇంట్లోవాళ్లకే అర్థం కాని పలుకు ఉందా, కుటుంబంలో ఎవరికైనా చదవడం కష్టమయ్యేదా? వాడికి కొత్త భాష కాబట్టి ఇలా ఉందని స్కూలు అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది. తెలుగులోనూ ఇబ్బంది ఉంటే అది కొత్త భాష వల్ల వచ్చింది కాదు. ఆ మాట సెన్కోకి, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంగతి చూసే టీచర్‌కి, గట్టిగా చెప్పండి.

ట్యూషన్ ఇప్పుడు వద్దు. చాలా ట్యూషన్లలో వేరే వరస, వేరే మాటలు, వర్క్‌షీట్లు. ఆ డబ్బు కన్నా స్కూలు చేసే అదనపు సాయం వీడికి ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అది అదే స్కీమ్‌లో, అదే మాటలతో జరుగుతుంది.

టీచర్‌కి ఈ వారమే ఒక మెయిల్ రాయండి. "ఎలా చదువుతున్నాడు" అని అడిగితే మళ్లీ "బాగానే" అనే వస్తుంది. సూటిగా అడగండి: ఏ శబ్దాలు గట్టిగా వచ్చాయి, ఏవి రాలేదు? శబ్దాలు చెప్పి కలపగలుగుతున్నాడా, లేక కలిపే దగ్గరే ఆగుతున్నాడా? ఈ టర్మ్‌లో ఉండాల్సిన చోటుతో పోలిస్తే ఎక్కడున్నాడు? వెనకబడితే ఒక్కడికే విడిగా చెప్పే సెషన్లు ఉన్నాయా, వారానికి ఎన్నిసార్లు? ఇంట్లో ఈ వారం ఏ రెండు శబ్దాల మీద పని చేయమంటారు? వీటికి జవాబు రాసి ఇవ్వడం ఏ ఇయర్ వన్ టీచర్‌కీ కష్టం కాదు, అసెస్‌మెంట్ షీట్‌లో అన్నీ ఉంటాయి. ఫిబ్రవరి హాఫ్ టర్మ్ అసెస్‌మెంట్ తర్వాత కూడా పర్పుల్ దాటకపోతే మెయిల్‌తో ఆగకుండా టీచర్‌ని, సెన్కోని కలిసి కూర్చోబెట్టి మాట్లాడండి. అప్పుడు వాళ్లు చెప్పిన శబ్దాల జాబితా పంపితే, ఇంట్లో దేనితో మొదలుపెట్టాలో నేను రాస్తాను.